రాయిని చదువుదాం, బావిని తెరుద్దాం



పోయిన వానాకాలం ఒక పల్లెలో ఆదివారం వందన అయ్యాక పాఠం చెబుతున్నాను. వెనక వరసలో కూర్చున్న అవ్వ ఒకామె చెయ్యెత్తి అడిగింది.

"నాయనా, మా చెరువు గట్టు కింద వేపచెట్టు మొదట్లో ఒక తెల్లరాయి ఉంది. నేను కాపరానికి వచ్చిన కాడి నుంచి చూస్తన్నా. పసుపు రాసి అమ్మోరంటారు. ఇప్పుడేమో మా మనవడు అది బుద్ధుడి రాయి అంటన్నాడు. ఇంతకీ దానికి మొక్కాలా, వద్దా?"

నేను నోరు తెరిచే లోపే కుర్రాళ్లు అందుకున్నారు. "మొక్కడం కాదవ్వా, ఈ రాత్రికే ట్రాక్టరు తెచ్చి విహారానికి తీసుకొచ్చేస్తాం. అది మన రాయి. వాళ్ల పసుపు మనకెందుకు?"

పాఠం అక్కడితో ఆపి అందరం కలిసి చెరువు గట్టుకు నడిచాం. మూరెడు పొడుగు తెల్లటి సున్నపురాయి. సగం భూమిలో ఉంది. పైన పసుపు, దాని కింద సగం విచ్చిన తామరపువ్వు చెక్కడం. కృష్ణా లోయలో స్తూపాలకు వాడింది ఇలాంటి రాయే. అలాంటి అర్ధపద్మాలు అమరావతి కంచె రాళ్ల మీద చాలా ఉన్నాయి. అంతమాత్రాన ఇది ఫలానా స్తూపానిదే అని ఆ పూట నేను తీర్పు చెప్పలేదు. కుర్రాళ్లకు నా మీద కోపం వచ్చింది. అవ్వ ప్రశ్న మాత్రం అలాగే నిలబడి ఉంది. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

పేరు మారితే జ్ఞాపకం మారుతుంది

మన తెలుగు నేల మీద బౌద్ధం వందల ఏళ్లు బతికింది. తర్వాత భిక్షువులు లేకుండా పోయారు, విహారాలు మట్టిలో కలిశాయి. రాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊరి పక్కన అంత పెద్ద దిబ్బ ఉంటే జనం ఊరుకోరు కదా, దానికో పేరు పెడతారు, ఓ కథ అల్లుతారు.

అమరావతి మహాస్తూపం దిబ్బను జనం 'దీపాలదిన్నె' అన్నారు. ఆ పేరులో కాస్త గౌరవం మిగిలి ఉంది. భట్టిప్రోలు స్తూపం సంగతి చూడండి. దాన్ని 'లంజదిబ్బ' అన్నారు. ఘంటసాల దిబ్బకూ అదే పేరు పడింది. 1892లో అలెగ్జాండర్ రీ అనే అధికారి భట్టిప్రోలు దిబ్బను తవ్విస్తే లోపల రాతి భరిణెలు, వాటిలో ధాతువులు, వాటి మీద ప్రాకృత భాషలో అక్షరాలు బయటపడ్డాయి. తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. బుద్ధుని ధాతువులుగా భావించి భక్తితో దాచుకున్న చోటుకు, కొన్ని వందల ఏళ్ల తర్వాత పిల్లల ముందు పలకలేని పేరు. చరిత్ర పోయిన చోట ఏమి జరుగుతుందో ఆ ఒక్క పేరు చాలు చెప్పడానికి.

అనకాపల్లి దగ్గర శంకరం అనే ఊరుంది. 'సంఘారామం' అనే మాటే నలిగి నలిగి శంకరం అయిందంటారు. అక్కడి కొండ పేరు బొజ్జన్నకొండ, అంటే బుద్ధన్న కొండ. చాలా ఏళ్లు కనుమ పండుగ నాడు అక్కడికి వచ్చిన జనం అక్కడున్న ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లు. వాళ్లకు బుద్ధుడి మీద కక్షా? కాదు. తాతలు విసిరారు, తండ్రులు విసిరారు, వీళ్లూ విసిరారు. వారసత్వ సంపదను కాపాడాలనే వాళ్లు పట్టుబట్టాక ఆ ఆచారం ఆగింది.

కేసపుత్త ఊళ్లో కాలాములకు తథాగతుడు చెప్పింది ఇదే కదా. తరతరాలుగా వస్తోంది కాబట్టి నమ్మొద్దు. అందరూ అంటున్నారు కాబట్టి నమ్మొద్దు. గురువు చెప్పాడని కూడా నమ్మొద్దు. మీ అంతట మీరు చూసి, తెలుసుకుని, మేలు కలిగేదైతే పట్టుకోండి. రాళ్ల విషయంలో ఆ మాట అక్షరాలా పనికొస్తుంది.

అన్నీ మనవే అనొద్దు

ఇక్కడ మన కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. కాలాములకు చెప్పిన మాట ఎదుటివాళ్లకే కాదు, మనకూ వర్తిస్తుంది.

తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల దగ్గర కృష్ణా ఒడ్డున నిలువురాళ్లు ఉన్నాయి. మనిషి కంటే రెండింతలు ఎత్తున్న రాళ్లు. జనం వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అంటారు. అందులో ఒక రాయికి ఎల్లమ్మగా పసుపు కుంకుమ పెడతారు. ఖమ్మం, వరంగల్ వైపు అడవుల్లో పెద్ద పెద్ద బండలతో కట్టిన పాత సమాధులుంటాయి. వాటిని 'రాకాసి గుళ్లు' అంటారు. మరికొన్ని చోట్ల 'పాండవుల గుళ్లు' అంటారు. మామూలు మనుషులు ఇంత బండ ఎత్తలేరు, రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారని ఆ కథ. నిజానికి ఎత్తింది మామూలు మనుషులే. ఇనుము వాడకం నేర్చిన జనం, చనిపోయిన తమ వాళ్ల కోసం కలిసి ఎత్తారు. దక్షిణాదిలో ఇలాంటి సమాధులు చాలావరకు క్రీస్తుకు ముందు వెయ్యేళ్ల కాలానివి.

అవి బౌద్ధుల కట్టడాలు కావు. పాండవులవి కానట్టే మనవీ కావు. పొడుగు రాయి కనపడగానే అశోక స్తంభం, గుండ్రటి దిబ్బ కనపడగానే స్తూపం అని పోస్టు పెడితే, రాకాసి గుళ్లు అన్నవాడికీ మనకూ తేడా ఏముంది? వాడు తన కథ అల్లాడు, మనం మన కథ అల్లాం. పైగా మన మాట ఒక్కటి తప్పని తేలిందంటే, మనం చెప్పే పది నిజాలను కూడా కొట్టిపారేస్తారు.

మరి బౌద్ధ కట్టడం అని ఎలా పోల్చాలి? ఒక్క గుర్తు చాలదు. ఏ రాయి, ఏ ఇటుక, ఇటుక కొలత ఎంత, చెక్కడం ఏమిటి, అక్షరాలున్నాయా, చుట్టుపక్కల ఇంకేం దొరికాయి, అది మొదటి నుంచీ అక్కడే ఉందా, ఎవరైనా తెచ్చి పెట్టారా? ఇవన్నీ కలిపి చూడాలి. అందుకే రాయిని ఉన్న చోటు నుంచి కదిలిస్తే దాని సాక్ష్యంలో సగం పోతుంది. కేసులో సాక్షిని ఊరు మార్చేసినట్టే.

అమరావతి రాళ్లు ఏమయ్యాయి

కదిలిస్తే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త ఊరికి ఇటుక, రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె ఉంది. తవ్వారు. ఆ సంగతి విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో ఆయన మళ్లీ వచ్చి బొమ్మలు గీయించేసరికి దిబ్బ నడిమధ్యలో చెరువు కోసం గొయ్యి తవ్వి ఉంది. స్తూపం గుండెకాయ ఉండాల్సిన చోట నీళ్ల గుంట.

ఆ తర్వాత కొన్ని పలకలు మచిలీపట్నం బజారు చౌరస్తాలో అలంకారానికి వెళ్లాయి. కొన్ని మద్రాసుకు, కొన్ని ఓడెక్కి లండన్‌కు వెళ్లాయి. ఇవాళ అమరావతి శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే చెన్నై మ్యూజియానికో లండన్ బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. చాలా రాళ్లను బట్టీలో కాల్చి సున్నం చేశారు. అంటే జాతక కథలు చెక్కిన రాయి ఎవరింటి గోడకో వెల్ల అయింది.

ఇందులో ఒక్క శత్రువును వెతక్కండి. జమీందారు ఉన్నాడు, తెల్లదొర ఉన్నాడు, సున్నం బట్టీవాడు ఉన్నాడు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: ఆ రాయి ఏమి చెబుతోందో వాళ్లు చదవలేదు. దొరలు చదవడం మొదలుపెట్టేసరికి సగం పోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని పూర్తిగా చదవగలిగే దాకా ఈ దేశంలో ఏ పండితుడూ అశోకుడి రాతలు చదవలేని స్థితి. మన తాతలకు చదువే నిషేధం. చదవగలిగిన వాళ్లు కూడా మరిచిపోయారు.

విధికుడి నిండు కుండ

మిగిలిన రాళ్లలో ఒకదాని గురించి మీకు చెప్పి తీరాలి.

అమరావతి స్తూపానికి కానుకలు ఇచ్చిన వాళ్లు తమ పేర్లు చెక్కించుకున్నారు. వాళ్లలో భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, చేతిపనివాళ్లు ఉన్నారు. ఒక రాయి మీద దాత పేరు విధికుడు. వృత్తి 'చమ్మకార', అంటే తోలుపని. తండ్రి పేరు నాగ. ఆ తండ్రిని 'ఉపజ్ఝాయ' అన్నారు, అంటే ఉపాధ్యాయుడు. తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఈ ధమ్మ దానం చేశానని ఆయన రాయించాడు. ఇచ్చింది ఏమిటో కూడా ఆ రాతలోనే ఉంది: 'పునఘటక' చెక్కిన పలక. పూర్ణఘటం. నిండు కుండ.

మళ్లీ ఒకసారి చదవండి. దాదాపు 1800, 1900 ఏళ్ల కిందట, కృష్ణ ఒడ్డున, తోలుపని చేసే మనిషి, ఉపాధ్యాయుడి కొడుకు, ఇంటిల్లిపాదితో వచ్చి మహాస్తూపానికి నిండు కుండ చెక్కిన రాయి ఇచ్చాడు. తన పని పేరు దాచుకోలేదు. దాన్ని రాతి మీద చెక్కించుకున్నాడు. సంఘం ఆ రాయిని బయట పెట్టలేదు, తీసుకుంది.

ఇక్కడా జాగ్రత్తగానే మాట్లాడదాం. ఆనాటి 'చమ్మకార' అనే మాటను ఇవాళ్టి కులం పేరుతో గీటుకు గీటు కలపకూడదు. ఆ ఒక్క రాతితో ఆ కాలంలో తేడాలే లేవని కూడా అనకూడదు. కానీ ఒక్కటి మాత్రం ఆ రాయి గట్టిగా చెబుతోంది. తోలు ముట్టిన చెయ్యి కానుక ఇవ్వడానికి పనికిరాదనే మాట ఆ స్తూపం దగ్గర చెల్లలేదు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన రాష్ట్ర చిహ్నం మధ్యలో ఉన్నది అమరావతి శిల్పంలోని పూర్ణఘటమే. రేషన్ కార్డు మీద, ఆఫీసు గోడ మీద కనపడే కుండ అది. ఈసారి చూసినప్పుడు పిల్లలకు విధికుడి పేరు చెప్పండి.

మరి మన కుండ?

రాయి చూసి వెనక్కి తిరిగాక అవ్వ నా మోచెయ్యి పట్టుకుని, "ఇటు రా నాయనా" అని చెరువు పక్కనున్న పాత బావి దగ్గరికి తీసుకెళ్లింది. రాతితో కట్టిన ఊరి మంచినీళ్ల బావి. ఇప్పుడు నీళ్లు లేవు. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు ఉన్నాయి. అంచు రాళ్ల మీద తాడు ఒరిసి ఒరిసి పడిన గాట్లు బొటనవేలు పట్టేంత లోతున ఉన్నాయి.

"ఈ గాట్లలో మా తాడుది ఒక్కటి కూడా లేదు," అంది. "మేం అదిగో ఆ చింతచెట్టు కింద బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లం. ఎవరైనా దయతలిచి పై నుంచి పోస్తే పట్టుకునేవాళ్లం. చేద వేయనిచ్చేవాళ్లు కాదు. పొద్దెక్కి పనికి ఆలస్యమైతే మళ్లీ అక్కడ తిట్లు."

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఊళ్లో కూడా అంతే. నేను చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నీళ్లు పోసేటప్పుడు వాళ్ల బొక్కెన మా బిందెకు తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేవాళ్లు. సగం నీళ్లు నేలపాలు. నేను డిగ్రీలో చరిత్ర చదివాను. శాతవాహనుల పట్టణాల్లో బావులుండేవని, తెలంగాణలో పెద్దబంకూరు తవ్వకాల్లో ఇటుక బావులు, కాల్చిన మట్టి వరల బావులు బయటపడ్డాయని పరీక్షలో రాశాను. ఆ రాతకు మార్కులు వచ్చాయి. కానీ బావి అంచు మీద తాడు గాట్లు కూడా చరిత్ర పుస్తకమేనని నాకు చెప్పింది చదువు రాని ఈ అవ్వే.

అందుకే రాయి గురించి మాట్లాడి బావిని వదిలేస్తే పాఠం సగమే. 'మన రాయి' అని గర్వపడే ముందు, ఆ రాయి నీళ్ల గురించి ఏమి చెప్పిందో కూడా చూడాలి.

బావి తవ్వించానని చెప్పిన బండ

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి 14 పెద్ద శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు మాటలు మన నేల మీద, మన ఎండలో ఇంకా ఉన్నాయి.

ఆ పద్నాలుగింటిలో రెండోది వైద్యం గురించి, నీళ్ల గురించి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ అశోకుడు అందులో చెప్పాడు. ఎవరి కోసం? మనుషులూ పశువులూ వాడుకోవడానికి. ఫలానా వాళ్లకు అని లేదు.

ఇది రాజు మంచితనం ఒక్కటే కాదు, ధమ్మం నేర్పిన పద్ధతి. సంయుత్త నికాయంలో ఒక ప్రశ్న ఉంది: ఎవరి పుణ్యం పగలూ రాత్రీ పెరుగుతుంది? తోటలు వేసేవాళ్లది, వంతెనలు కట్టేవాళ్లది, చలివేంద్రాలు పెట్టేవాళ్లది, బావులు తవ్వేవాళ్లది, నీడ ఇచ్చేవాళ్లది అని బుద్ధుడు జవాబు చెప్పాడు. ఆ జాబితాలో బావికి పసుపు కుంకుమ పెట్టేవాళ్లు లేరు. బావి తవ్వి నలుగురికీ నీళ్లిచ్చేవాళ్లు ఉన్నారు. ధమ్మంలో బావి విలువ అది ఎందరి దాహం తీర్చిందన్న దాంట్లో ఉంది.

గడ్డితో పూడ్చిన బావి

ఉదానం అనే పాళీ గ్రంథంలో ఒక కథ ఉంది. బుద్ధుడు సంఘంతో కలిసి మల్లుల దేశంలో థూన అనే బ్రాహ్మణ గ్రామానికి చేరాడు. వీళ్లు వస్తున్నారని తెలిసి ఆ ఊరి వాళ్లు, గుండు సమణులు నీళ్లు తాగకూడదని, బావిని గడ్డితో ఊకతో నోటి దాకా నింపేశారు. బుద్ధుడు చెట్టు కింద కూర్చుని నీళ్లు తెమ్మని ఆనందుణ్ణి అడిగాడు. బావి పూడ్చేశారని ఆనందుడు చెప్పాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి ఆనందుడు పాత్ర పట్టుకుని వెళితే బావి ఆ గడ్డినంతా బయటికి కక్కి, తేట నీళ్లతో పొంగి పొర్లుతోందట.

గడ్డి తనంతట తాను బయటికి వచ్చిందా? హేతువుకు నిలవనిదాన్ని బుద్ధుడికి అంటగట్టొద్దని బాబాసాహెబ్ మనకు నేర్పారు. కాబట్టి మహిమను పక్కన పెడదాం. పక్కన పెట్టాక ఏం మిగిలింది? తమకు గిట్టని మనుషులకు నీళ్లు దక్కకూడదని బావిని మూసిన ఊరు మిగిలింది. ఆ సంగతిని మరిచిపోకుండా చెప్పుకున్న సంఘం మిగిలింది. కథలో కల్పన ఉండొచ్చు, బాధ మాత్రం కల్పన కాదు. జానపద కథను ఇలా చదవాలి. నమ్మడం ఒక తప్పు, నవ్వి పారేయడం ఇంకో తప్పు.

ఆనందుడిదే ఇంకో కథ మీకు తెలుసు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ దాన్ని చేర్చారు. నీళ్లు పట్టుకుంటున్న ప్రకృతి అనే చండాల యువతిని ఆనందుడు దాహం అడిగాడు. నేను ఫలానా దాన్ని, ఎలా ఇవ్వను అని ఆమె వెనకాడింది. నేను అడిగింది నీళ్లు, నీ కులం కాదు అన్నాడాయన. థూనలో నీళ్లు మూసేశారు. ఇక్కడ నీళ్లు తీసుకున్నారు. ధమ్మం ఎటు నిలబడిందో ఈ రెండు కథలు పక్కపక్కన పెడితే పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

మహాడ్‌లో మూడు సంగతులు

1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి మహాడ్ చవ్‌దార్ చెరువు దగ్గరికి వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. అది మనందరికీ తెలిసిందే. కానీ ఈ పాఠానికి కావలసినవి దాని చుట్టూ ఉన్న మూడు సంగతులు.

ఒకటి. ఆ చెరువు కాగితం మీద అప్పటికే అందరిదీ. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, 1924లో మహాడ్ మున్సిపాలిటీ తీర్మానం చేసింది. అయినా 1927 దాకా మన వాళ్ల చెయ్యి ఆ నీళ్లను తాకలేదు. తీర్మానం బావిని తెరవదు, మనుషులు నడిచి వెళ్లి తెరవాలి.

రెండు. మన వాళ్లు తాగి వెళ్లాక సనాతనులు 108 కుండల్లో ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు తెచ్చి పోసి చెరువును 'శుద్ధి' చేశారు. పశువులు దిగితే మైలపడని నీళ్లు మనిషి తాగితే మైలపడ్డాయి. పవిత్రం అనే మాట వినపడగానే, అక్కడ ఎవరిని దూరం పెట్టారో వెతకండి.

మూడు. కోర్టు వ్యవహారం పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు ఇచ్చింది. దోసెడు నీళ్ల కోసం పదేళ్లు. ఆ పదేళ్లలో బాబాసాహెబ్ కాగితాలు, సాక్ష్యాలు పట్టుకుని నిలబడ్డారు. ఆవేశంతో నడక మొదలైంది. నిలబెట్టింది సాక్ష్యం.

ఆ చెరువు నీళ్లు తాగితే అమరులమైపోతామని మేం రాలేదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి వచ్చామన్నది ఆయన చెప్పిన సారాంశం. అంటే ఆయనకు కూడా అవి పవిత్ర జలాలు కావు. అందరి నీళ్లు.

అవ్వకు చెప్పిన జవాబు

ఆ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుని అవ్వకు, కుర్రాళ్లకు చెప్పింది ఇది.

మొక్కాల్సిన పని లేదు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న మనం దేవుళ్లకు మొక్కం. బుద్ధుడి రాయి అని తేలినా దాన్ని కోరికలు అడగం. పసుపు తీసేసి అగరొత్తులు పెడితే మారేది వాసన ఒక్కటే.

తవ్వుకుపోవాల్సిన పని అంతకన్నా లేదు. ఇవ్వనిది తీసుకోవడం రెండో శీలానికి విరుద్ధం. రాత్రి పూట ట్రాక్టరు వేసుకుని వెళితే రాయి సాక్ష్యం పోతుంది, మన మీద కేసు వస్తుంది, తెల్లారి పల్లె మీద గొడవ పడుతుంది. ఆ గొడవలో దెబ్బలు తినేది మన ఆడవాళ్లు, పిల్లలు.

చేయాల్సిన పనులు ఇవి.

1. రాయిని ఉన్న చోటే ఉంచి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పక్కన స్కేలో, టేపో పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. పసుపు గీకొద్దు, నూనె రాయొద్దు, పెయింట్ వేయొద్దు.

2. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి ఆ రాయి కథను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని తేదీ వేయండి. పొలాల పేర్లు, దిబ్బల పేర్లు కూడా రాసుకోండి. ఎబ్బెట్టుగా ఉన్న పేరునూ వదలొద్దు, దాని కింద చరిత్ర ఉండొచ్చు.

3. తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టమే చెబుతోంది. జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి.

4. ఆ రాయికి మొక్కే వాళ్లను ఎగతాళి చేయకండి. వాళ్లలో మన అక్కలూ అత్తలూ ఉన్నారు. ఇన్నేళ్లు ఆ రాయి సున్నం బట్టీకి పోకుండా మిగిలిందంటే ఆ పసుపు కూడా ఒక కారణమే.

5. మీ ఊళ్లో బావి, చేతిపంపు, కుళాయి, వాటర్ ప్లాంటు దగ్గర ఎవరైనా ఎవరినైనా ఇప్పటికీ ఆపుతున్నారేమో చూడండి. మనలో మనం, ఒక వాడ వాళ్లు ఇంకో వాడ వాళ్లను ఆపుతున్నామేమో ముందు చూడండి. ఎర్రగుడి బండ దగ్గర సెల్ఫీ దిగి వచ్చి, ఇంటి ముందు కుళాయికి తాళం వేసుకునే వాడికి ఆ బండ చెప్పింది వినపడలేదన్నట్టే.

కుర్రాళ్లు ఆ రాత్రి ట్రాక్టరు తేలేదు. ఫొటోలు తీశారు, అర్జీ రాశారు. ఒకసారి పెట్టారు, రెండోసారి కూడా పెట్టారు. రాయి ఇంకా వేపచెట్టు కిందే ఉంది. ఈలోగా ఆ పాత బావిలో చెత్త తీసే పని మొదలుపెట్టారు. మొదటి రోజు మన పల్లె వాళ్లే వచ్చారు. మూడో ఆదివారానికి ఊళ్లో నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా తట్టలు పట్టుకుని వచ్చారు. ఆ పిల్లల నాయనమ్మ దూరం నుంచి చూస్తూ నిలబడింది, కానీ వద్దనలేదు.

అవ్వ చింతచెట్టు కింద కూర్చుని అంతా చూస్తోంది. "నాకు అక్షరం రాదు. ఆ రాయి మీద ఏముందో తేలిన్నాడు నాకు చదివి చెప్పండి. బావిలో నీళ్లు పడితే మాత్రం మొదటి చేద నేనే వేస్తా," అంది.

ఈ పాఠం తర్వాత కూర్చుని మాట్లాడుకోండి

1. మీ ఊరి చుట్టుపక్కల దిబ్బలు, పాత రాళ్లు, పాత బావుల పేర్లేమిటి? వాటి కథలేమిటి? అందులో తెలిసింది ఎంత, అనుకున్నది ఎంత?

2. విధికుడు తన వృత్తి పేరును రాతి మీద చెక్కించుకున్నాడు. మనం మన పిల్లలకు మన పెద్దల పనుల గురించి ఎలా చెబుతున్నాం?

3. థూన బావి కథలో మహిమను తీసేస్తే మిగిలే నిజాన్ని మీ మాటల్లో చెప్పండి.

4. మీ ఇంట్లో పెద్దవాళ్లు నీళ్ల కోసం ఎక్కడ నిలబడ్డారు? అడిగి రాసుకోండి. వచ్చే పాఠానికి తీసుకురండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.